ఎక్కడమే గాని దిగని విమానం

“గేటు దగ్గర మనల్ని పక్కకొచ్చి నిలబడమంటే ఏమిటి వదినా అర్థం? ఏదో చెప్పాల్సింది ఉంటేనే కదా పక్కకి పిలుస్తారు? మంచిమాటైతే అందరి ముందే చెప్పేస్తారుగా?”

బస్సులో కూర్చుని నేనీ మాట అనేటప్పటికి ఇంకా గేటే రాలేదు. మమ్మల్ని ఎవరూ పక్కకి పిలవలేదు. మా ఆడపడుచు కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పకుండానే, “పిలిచినప్పుడు భయపడదాంలే వదినా. ఉన్నదంతా బస్సులోనే వాడేస్తే అక్కడికెళ్లాక ఏం చేస్తావు?” అంది. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. ఇరవై రెండేళ్లు వార్డుల్లో తిరిగి తిరిగి ఆవిడకి దడ పుట్టే చోటు మొద్దుబారిపోయింది. నాకు మాత్రం రోజూ కొత్తగానే పుడుతుంది.

పుట్టదా మరి? గురువారం సాయంత్రం చిన్నది ఫోన్ చేసి రెండే ముక్కలు చెప్పింది. “అమ్మా, నా బల్ల మీద ఒక సంచి తక్కువైంది. నేనే వెళ్లి చెప్పాను.” అంతే, పెట్టేసింది. ఆ సంచేమిటో, తక్కువైతే ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసినదల్లా ఒకటి. నా రెండో కూతురు సైన్యంలో మామూలు సిపాయిగా చేరి ఐదేళ్లయింది. ప్యారాచూట్లు మడిచి కట్టే హాల్లో పని. ఉన్నట్టుండి వైమానిక దళంవాళ్ల పరీక్షలు రాసింది. పైలట్ శిక్షణకి ఎంపికైంది. ఆ దళానికి వెళ్లాలంటే ఈ దళంవాళ్లు వదలాలి, రిలీవింగ్ కాగితం మీద సంతకాలు పెట్టాలి. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆ కాగితంతో అక్కడ నిలబడాలి. మంగళవారంతో దానికి వయసు దాటిపోతుంది, మళ్లీ ఏడాది అనే మాటే లేదు. ఇవాళ శనివారం. సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. విచారణలో ఉన్న మనిషిని ఎవరూ రిలీవ్ చేయరు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. ఆ సంతకం పడకూడదని నెల్లాళ్లుగా లోలోపల కోరుకున్నదాన్ని నేనే. విమానం నడపడమంటే ఆషామాషీయా? అందుకే సంచి తక్కువైందని విన్న క్షణంలో, నా కోరికే ఎక్కడో తీరిపోయి పిల్ల మెడకి చుట్టుకుందేమోనని వణికిపోయాను.

ఏడాదికోసారి ఇంటివాళ్లని పిలిచి పనిచేసే చోటు చూపిస్తారట. నాలుగేళ్లు ఏదో సాకు చెప్పి చిన్నది మమ్మల్ని రానివ్వలేదు. ఈసారి ఆ రోజు ఇవాళ పడింది. వద్దన్నా, దానికి చెప్పకుండా బయల్దేరాం.

గేటు దగ్గర మమ్మల్ని నిజంగానే పక్కకి పిలిచారు. “బ్యాగులో పదునైనవేమైనా ఉంటే ఇక్కడ పెట్టండమ్మా,” అన్నాడు కాపలా సిపాయి. నా బ్యాగులోంచి రెండు కత్తెర్లు, ఒక బ్లేడు, సూదుల పొట్లం, డబ్బా నిండా పిన్నీసులు బయటికొచ్చాయి. నేను బడి యూనిఫారాలు కుట్టే దుకాణంలో పనిచేస్తాను, అవి లేకుండా ఎక్కడికీ వెళ్లను. సిపాయి వాటినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“మా వదిన యుద్ధానికే వచ్చింది బాబూ. మీరే కాస్త సర్దుకోవాలి,” అంది మా ఆడపడుచు.

హాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పించి మెత్తటి మేజోళ్లు ఇచ్చారు. లోపల అడుగు పెట్టగానే నేను మాట్లాడటం మానేశాను. నేను మాట్లాడటం మానేసినందుకు కంగారుపడి వదిన నా మొహంలోకి చూసింది.

ముప్పై ఏళ్లుగా గుడ్డే నాకు అన్నం పెడుతోంది. కొత్త గుడ్డల తాను విప్పితే వచ్చే వాసన, కత్తెర పడ్డప్పుడు వచ్చే చప్పుడు నిద్రలో కూడా పోల్చుకోగలను. కానీ అంత గుడ్డ, అంత నిశ్శబ్దంగా, ఒక్కచోట పడుకుని ఉండటం నా జన్మలో చూడలేదు. బస్సు పొడవున్న బల్లలు ఎనిమిది. వాటి మీద ఈ చివరినుంచి ఆ చివరికి పొగమంచులా తెల్లగా పరుచుకున్న గుడ్డ. పైకప్పు ఎక్కడో ఎత్తున. ఫ్యాన్లు లేవు, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గుడ్డ అంచునుంచి సన్నటి తాళ్లు పదులకొద్దీ, ఒకదాన్నొకటి తాకకుండా, దువ్విన జుట్టులా సాగి ఉన్నాయి. మనుషులు బల్లల పక్కన నడుస్తున్నారుగాని అడుగుల చప్పుడు లేదు. దగ్గేవాళ్లు కూడా మొహం పక్కకి తిప్పుకుని దగ్గుతున్నారు.

అక్కడ, మూడో బల్ల దగ్గర, నా కూతురు. ఇంట్లో తన దుప్పటి తాను మడవని నా కూతురు. రెండు అరచేతులూ గుడ్డ మీద పరిచి, కళ్లు మూసుకుని, మెల్లగా జరుపుతూ పోతోంది. నిద్రపోతున్న పసిబిడ్డకి జ్వరముందేమో చూస్తున్నట్టుంది.

మమ్మల్ని చూసింది. మొహం పాలిపోయింది. కానీ చేతులు ఆగలేదు. మడత చివరిదాకా వెళ్లాకే వచ్చింది.

“రావొద్దన్నానుగా అమ్మా.”

“అందుకే వచ్చాం,” అంది వదిన. “తిన్నావా?”

ఇంతలో వాళ్ల పై అధికారి మేజర్ మేడమ్ వచ్చింది. నా వయసుకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది, కానీ ఆవిడ నిలబడ్డ తీరుకి నేనే పమిట సర్దుకున్నాను. “ఇవాళ మీకు మామూలు పని చూపించలేం. గురువారం మడిచిన ముప్పై రెండూ తిరిగి విప్పుతున్నాం. ఇంటివాళ్ల దగ్గర దాచేదేమీ లేదు. కూర్చుంటానంటే కూర్చోండి,” అంది. గోడవారగా బెంచీ చూపించారు.

విప్పడం చూస్తూ ఉండగా చిన్నది నాకు ఆ సంచి సంగతి చెప్పింది. సీసపు గుళ్లు పోసి కుట్టిన సంచి, గుప్పిట్లో ఇమిడేంత. మడిచిన గుడ్డ జరగకుండా దాని మీద బరువుగా పెడతారు, మడత ముందుకి సాగేకొద్దీ తీసేస్తూ పోతారు. ఒక్కొక్కరికి ఆరు. ఎవరి సంచుల మీద వాళ్ల అంకె దారంతో కుట్టుకుంటారు. పని ముగిశాక ఆరూ బల్ల అంచున వరసగా పెట్టి, “నావి ఆరు” అని గట్టిగా చెప్పాలి. గురువారం ఇది “నావి ఐదు” అంది. ఆ ఒక్క మాటతో ముప్పై రెండు ప్యారాచూట్లూ గడప దాటకుండా ఆగిపోయాయి.

“పక్కవాళ్ల బల్ల మీదికి వెళ్లిందేమో చెప్పకపోయావా?”

“ఇక్కడ ఎవరి సంచులు వాళ్లే చెప్పాలమ్మా. పక్కవాళ్ల బల్ల గురించి నోరెత్తకూడదు.”

“ఒకటి లోపల ఉండిపోతే ఏమవుతుంది?”

“తెరుచుకోదేమో. తెరుచుకుంటుందేమో.” చిన్నది నా మొహంలోకి చూసింది. “ఆ ఏమో ఉండకూడదు.”

తను మడిచిన తొమ్మిదీ మొదటి రోజే విప్పారట. వాటిలో లేదు. మేం వెళ్లేసరికి మొత్తం ఇరవై ఐదు అయిపోయాయి, ఏడు మిగిలాయి. ఒక్కోదానికి ఇరవై నిమిషాల పైన పడుతోంది. ఒకరు విప్పుతారు, ఇంకొకరు వేళ్లతో తడుముతారు. ఆ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని ఒక పెద్దాయన. టోపీకి ఎప్పుడూ సూది గుచ్చి ఉంచుతాడని ఆయన్ని అందరూ సూది సార్ అంటారు. ఈ హాలుకి ఆయనే పెద్ద సార్జెంటు. చిన్నదానికి పని నేర్పింది ఆయనే. రిలీవింగ్ కాగితం మీద మొదటి సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఈ సంచి గొడవ రాకముందే, రెండు వారాలుగా ఆ కాగితాన్ని చొక్కాజేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట, పెడతాననీ అనడట, పెట్టననీ అనడట.

“మాట్లాడడేమే మీ సార్?” అన్నాను.

“అవసరమైతే మాట్లాడతాడు. పోయిన ఏడాది రెండుసార్లు అవసరమైంది.”

వదిన ఈలోగా గోడ మీది బోర్డు చదువుతోంది. ఆవిడ ఎక్కడికెళ్లినా గోడలన్నీ చదివేదాకా ఊరుకోదు. “ఏమే చిన్నదానా, నీ పేరు పక్కన ముప్పై ఏడు అనుందేమిటి? మార్కులా?”

చిన్నది జవాబు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం నాకు తెలుసు. పదేళ్ల వయసులో మోచెయ్యి విరగ్గొట్టుకుని వచ్చి, పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఇలాగే చెప్పలేదు.

“ఏమిటది?” అన్నాను.

“దూకినవమ్మా.”

“ఎవరు?”

“నేనే.” గొంతు తగ్గించింది. “ఇక్కడ రూలు. మడిచినవాళ్లు దూకాలి. ఎప్పుడు వస్తాడో తెలియదు, సార్ వచ్చి మనం మడిచినవాటిలోంచి ఒకటి ఏరి మన చేతికే ఇస్తాడు. దాన్ని వీపుకి కట్టుకుని విమానం ఎక్కాలి. దాంతోనే దూకాలి. అలాగైతేనే ఎవరూ ఒక్క మడత కూడా అశ్రద్ధగా వేయరని.”

ఐదేళ్లు. ఐదేళ్లుగా ఫోన్లో “ఏం చేస్తున్నావే” అంటే “ఏముందమ్మా, లాండ్రీలో లాగ, గుడ్డలు మడుస్తున్నాను” అనేది. నేను ఆ లాండ్రీ గురించే భయపడ్డాను! నేల తడిగా ఉండి జారుతుందేమో, దుమ్ముకి దగ్గు పట్టుకుంటుందేమో, నిలబడి నిలబడి కాళ్లు వాస్తాయేమో అని. ఇదేమో ఆకాశంలోంచి ముప్పై ఏడుసార్లు...

దాని జబ్బ మీద ఒక్కటిచ్చాను. హాలంతా వినపడింది. నలుగురైదుగురు తలలెత్తి చూశారు, వెంటనే దించేసుకున్నారు. వాళ్లకీ అమ్మలున్నట్టున్నారు.

“మొన్నా మధ్య ఫోన్లో ఇక్కడ గాలి బాగా వీస్తోందమ్మా అన్నావే, అది...”

“అది కిందికొచ్చాక చేశానమ్మా. పైనుంచి చేయనివ్వరు.”

వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఎదురుగా ఉన్న బల్ల మీద గుడ్డ అంచుని వేలితో తాకాను. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. పట్టుకుంటే తెగేలా లేదు. నాలుగు వరసల కుట్టు. ఎక్కడ దారం తప్పిందో పట్టేయడం నా వృత్తి. పిల్లల చొక్కా చంకలో ఒక్క కుట్టు జారితే మా యజమానికంటే ముందు నాకు తెలుస్తుంది. మూర పొడవు చూశాను. ఇంకో మూర చూశాను. ఒక్కటీ తప్పలేదు. నా బిడ్డ ప్రాణం ముప్పై ఏడుసార్లు వేలాడింది ఇలాంటి కుట్ల మీద. ఎవరో ఎక్కడో కూర్చుని నాలాంటి మనిషే కుట్టి ఉంటుంది. ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

“మరి ఇంకేం కావాలే నీకు?” అన్నాను చివరికి. “దూకడం చాలలేదా? నడపాలా?”

చిన్నది తన మేజోళ్ల వంక చూసుకుంది. “ముప్పై ఏడుసార్లు విమానం ఎక్కానమ్మా. ఒక్కసారి కూడా దిగలేదు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. వదినకి అయింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

“తలుపు తెరిచాక అందరూ ఆ తలుపు వంకే చూస్తారు. నేను ముందు వైపు చూస్తాను. అక్కడ రెండు సీట్లుంటాయి. రెండు వీపులు కనపడతాయి. నేను దూకేశాక గాలిలో వేలాడుతూ చూస్తానా, అది మలుపు తిరిగి, ఎండలో మెరుస్తూ, నెమ్మదిగా వెళ్లి దిగుతుంది. అంత పెద్దది, అంత మెల్లగా ఎలా దిగుతుందమ్మా? నేను ఎక్కినదే. నేను లేకుండా దిగుతుంది.” చేతులు చాచి చూపించింది, ఒక అరచేతిని ఇంకో అరచేతి మీదికి మెల్లగా దింపింది. “ఒక్కసారి దాన్ని నేను దించాలి.”

ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆ గుప్పిళ్లు విప్పి గోళ్లు తీయడానికి ఎంత హడలిపోయేదాన్నో. ఇవాళ అవి ముక్కూమొహం తెలియనివాళ్ల ప్రాణాలు మడిచి కట్టే చేతులు. నెల్లాళ్లుగా నేను కోరుకున్నది ఎంత చిన్న కోరికో అప్పుడు తెలిసింది. గడియారం వంక చూశాను. రెండూ పది. జీవితంలో మొదటిసారి, నా కూతురు ఆకాశంలోకి వెళ్లాలని, ఐదింటిలోపే వెళ్లేందుకు కాగితం రావాలని నాకు ఆత్రం పుట్టింది. ఆ ఆత్రం వెనకే దడ కూడా వచ్చి కూర్చుంది. అది ఎక్కడికీ పోదు. నాతోపాటే ఉంటుంది.

మూడున్నరకి ముప్పై అయ్యాయి. లేదు.

చివరి రెండూ సూది సార్ మడిచినవి. పని ఎక్కువైనప్పుడల్లా ఆయన కూడా ఒక బల్ల ముందు నిలబడతాడట, గురువారమూ అంతే. ఆయన మడిచినదాన్ని మామూలుగా ఎవరూ తిరిగి చూడరు. చూసేవాడు ఆయనే గనక. అనుమానం లేక చివరికి పెట్టారు.

ముప్పై ఒకటోది విప్పింది ఒక పొడుగాటి అమ్మాయి. మూత విప్పి, గుడ్డని పొడవుగా లాగి, మూడో మడత ఎత్తింది. ఆగిపోయింది. ఏమీ అనలేదు. చేతులు పైకెత్తి రెండడుగులు వెనక్కి వేసింది, అంతే. హాల్లో ఉన్నవాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

మేజర్ మేడమ్ వెళ్లి రెండు వేళ్లతో దాన్ని పైకి తీసింది. ముదురు రంగు సంచి. గుప్పిట్లో ఇమిడేంత. మీద పసుపు దారంతో కుట్టిన అంకె.

బెంచీ మీదనుంచి నేను ఎప్పుడు లేచానో తెలియదు. “అది మా చిన్నదాని కుట్టే! గొలుసుకుట్టు. చివర ముడి రెండుసార్లు వేస్తుంది, నేనే నేర్పాను!” అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. పోయిన పిల్ల దొరికినట్టు అరిచాను గాని, నా కూతురి తప్పుకి నేనే సాక్ష్యం చెప్పినట్టయింది. వదిన నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. నేను కూర్చోలేదు.

“అవునమ్మా, ఆమెదే,” అంది మేజర్ మేడమ్. గొంతు మామూలుగానే ఉంది. ప్యారాచూట్ జేబులోంచి చిన్న అట్ట తీసి చదివింది. మడిచినవాళ్లు సంతకం పెట్టే అట్ట. “కానీ ఇది మడిచింది మీరు, సార్జెంట్.”

సూది సార్ కదల్లేదు.

“నీ సంచి ఈయన ప్యారాచూట్‌లోకి ఎలా వచ్చింది?” అని చిన్నదాన్ని అడిగింది.

నా కూతురి వంక చూశాను. అందరి మొహాల్లోనూ ఆశ్చర్యం ఉంది. దాని మొహంలో లేదు. సంచి బయటపడ్డప్పుడు కళ్లు మూసుకుంది, అంతే. దానికి తెలుసు. గురువారం నుంచీ తెలుసు.

“నావి ఐదే ఉన్నాయి మేడమ్,” అంది.

“అది విన్నాను. ఎలా వచ్చిందని అడుగుతున్నాను.”

“నావి ఐదే ఉన్నాయి మేడమ్.”

“నువ్వు ఇంతకంటే చెప్పకపోతే ఈ విచారణ నీ పేరు మీదే ఉంటుంది. నేను ఏ కాగితం మీదా సంతకం చేయలేను. సోమవారం సంగతి నీకు గుర్తుందిగా?”

“గుర్తుంది మేడమ్.”

మళ్లీ అదే చెప్పకపోవడం. నాకు ఒళ్లు మండిపోయింది, గుండె తరుక్కుపోయింది, రెండూ ఒక్కసారే. నేను అక్కడ మాట్లాడవచ్చో కూడదో తెలియదు. మేజోళ్లతో ఆ నున్నటి నేల మీద జారుతూ పోయి సూది సార్ ముందు నిలబడ్డాను. దగ్గరగా చూస్తే ఆయన నాకంటే అయిదారేళ్లే పెద్ద. చొక్కాజేబులో నాలుగు మడతల కాగితం కనపడుతోంది.

“అన్నయ్యగారూ,” అన్నాను. ఆ పిలుపు నోటికెలా వచ్చిందో. “మా పిల్ల అబద్ధం చెప్పదు. చెప్పకుండా ఉండటం మాత్రం బాగా వచ్చు దానికి. ఐదేళ్లు కన్నతల్లికే చెప్పలేదు. ఇంకో యాభై ఏళ్లయినా మీ మాట బయటపెట్టదు. దానికి గురువు మీరు. అది ఆ విమానం దించేదీ లేనిదీ ఇప్పుడు దాని చేతుల్లో లేదు. మీరైనా చెప్పండి.”

“అమ్మా, వద్దు!” అంది వెనకనుంచి చిన్నది.

ఆయన నన్ను చూడలేదు. నా తల మీదుగా బల్లని చూస్తున్నాడు, దాని మీద సగం విప్పిన తెల్లటి గుడ్డని. పొడుగాటి అమ్మాయి ఎత్తిన చేతులు ఇంకా దించలేదు. మేజర్ మేడమ్ అట్ట పట్టుకుని అలాగే నిలబడింది, తొందరపెట్టలేదు. నా కాళ్లు పీకడం మొదలై, ఇక ఆయన మాట్లాడడని నిశ్చయించుకుని, నేను వెనక్కి తిరగబోయాను.

సూది సార్ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి ముందుకి తెచ్చాడు. అరచేతులు పైకి తిప్పి మేజర్ మేడమ్ ముందు చాపాడు.

“నా ఆరూ చాలక ఆ సంచి నేను తీసుకున్నాను మేడమ్, ఆ అమ్మాయి బల్ల మీదనుంచి. తను చూసింది. అది లోపల ఉండిపోయిన సంగతి నా చేతికి తెలియలేదు. నా వేళ్లకి స్పర్శ పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నేను మడిచి పంపినవి నూటనలభై పైన ఉన్నాయి. అవి ఎవరెవరి వీపుల మీద ఉన్నాయో నాకు తెలియదు.”